దూరపు ఊరి నుంచి పాత కారు తెచ్చుకోవడం: నల్లగొండ, పాలమూరు వాళ్లకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉండి, బాగుచేసుకోవడానికి పాత కాలపు కారు కోసం వెతికితే మంచి బండ్లన్నీ ఎక్కడో దూరాన కనిపిస్తాయి. అందులో వింతేమీ లేదు. స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో తయారైంది. ఫియట్ 1100, ఆ తర్వాత వచ్చిన ప్రీమియర్ పద్మిని ముంబై కుర్లాలో, అంబాసిడర్ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారయ్యాయి. సొంత కారున్న కుటుంబాలు కూడా అప్పట్లో పెద్ద పట్నాల్లోనే ఎక్కువ. అందుకే మీరు కొనబోయే బండి చెన్నైలోనో, కోయంబత్తూరులోనో, పూణేలోనో ఎవరి షెడ్డులోనో దుమ్ము కప్పుకుని ఉంటుంది.

దూరం అనగానే అందరూ ముందు ఖర్చు లెక్కేస్తారు. నన్నడిగితే ఖర్చు రెండోది. మహబూబ్‌నగర్ నుంచి కోయంబత్తూరు ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం పోయాక ఖాళీ చేతులతో తిరిగి రావడానికి మనసొప్పదు. రాత్రంతా రైల్లో కూర్చున్న అలసట, ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలన్న టెన్షన్, టీ ఇచ్చి కూర్చోబెట్టిన పెద్దాయన దగ్గర మొహమాటం, అన్నీ కలిసి వద్దనుకున్న బండిని కూడా కొనిపిస్తాయి. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కాబట్టి చూడాల్సినవాటిలో వీలైనన్ని ఇల్లు కదలకముందే చూసెయ్యాలి.

1. ఏ కారు, ఎందుకు అన్నది తేల్చుకోండి

మనవాళ్లు ముప్పై ఏళ్ల మారుతిని కూడా వింటేజ్ అనేస్తారు. చట్టం లెక్క వేరు. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండే వింటేజ్. దానికి కొత్తగా రిజిస్ట్రేషన్ చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. కొత్తగా నమోదయ్యేవాటికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక సిరీస్ ఇస్తారు, ఇదివరకే రిజిస్టరైనవి పాత నంబరు ఉంచుకునే వీలుంది. అయితే ఈ పద్ధతిలో చేయించిన కారును రోజూ తిప్పడానికి కుదరదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, రిపేరుకు మాత్రమే బయటికి తీయాలి.

ప్రతి ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని నాగార్జునసాగర్ పోదామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. వాళ్లు మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యూవల్ చేయించుకుంటూ పోవాలి. మొదటి 15 ఏళ్ల తర్వాత ప్రతి అయిదేళ్లకూ ఫారం 25 పెట్టి, బండిని చూపించి చేయించుకునే పని అది. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచారు.

పాత కార్ల మోజు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. కారు 1912 నాటిది, ఆయన 1911లోనే పోయారు. హైదరాబాద్ పోయినప్పుడు చూసి రండి, కళ్లు చల్లబడతాయి. కానీ బాగుచేసుకునే మొదటి ప్రాజెక్టుగా అంబాసిడర్ గానీ పద్మిని గానీ పెట్టుకోండి. వాటి సామాన్లు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి, చేసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. హెరాల్డ్ చూడముచ్చటైన బండి, కాదనను. దాని ముందు అద్దమో వెనక లైటో పోయిందంటే మాత్రం నెలల తరబడి ఫోన్లు చేస్తూ ఉండాల్సిందే.

2. కారు కంటే ముందు కాగితాలు చూడండి

ఫోటోలు చూసి మురిసిపోయే ముందు అమ్మేవాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది?’ ఈ జవాబుతోనే సగం బండ్లు జాబితాలోంచి ఎగిరిపోతాయి.

పాత కార్లు చాలావరకు తాతల పేరు మీద ఉంటాయి. తాత పోయి ఏళ్లు గడిచి ఉంటుంది, కారు మాత్రం ఆయన పేరు మీదే నిలబడి ఉంటుంది. అప్పుడు ముందు వారసుల పేరుకు మారాలి, దానికి ఫారం 31. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసులు ఒప్పుకున్నట్టు సంతకాలు కావాలి. మీతో ఫోన్లో మాట్లాడేది చిన్న కొడుకు, పెద్ద కొడుకు దుబాయ్‌లో ఉన్నాడంటే, ఆ సంతకం వచ్చేదాకా టికెట్ బుక్ చేసుకోకండి. ‘మీరు రండి సార్, అంతా చూసుకుందాం’ అన్న మాట మీద ప్రయాణం పెట్టుకోవద్దు.

రెండోది, బండి వివరాలు ప్రభుత్వ వాహనాల వెబ్‌సైటు వాహన్ పోర్టల్లో కనిపిస్తున్నాయా లేదా. ఆర్‌సీ చిన్న పుస్తకంగా ఉన్న కాలం నాటి బండ్లు చాలావాటిని కంప్యూటర్లోకి ఎక్కించలేదు. ఎక్కించకపోతే బండిని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, ఎన్‌వోసీ, రావడం కష్టం. ముందు ఆ ఊరి ఆర్టీఓ ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని, చేయించాలి. ఆ పని అమ్మేవాళ్లు చేసిపెట్టాలి. మీరు ఇక్కడ నుంచి పోయి అక్కడి కౌంటర్ ముందు నిలబడితే తెమిలేది కాదు.

మూడోది, బండి రద్దయిందేమో చూడండి. ఢిల్లీ చుట్టుపక్కల 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లపై 2015లో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. చాలా రిజిస్ట్రేషన్లు పోయాయి. అందుకే ఢిల్లీ బండి చవగ్గా కనిపిస్తే పోర్టల్లో స్టేటస్ చూడనిదే రెండో ఫోన్ చేయకండి. ఎల్లో బోర్డు మీద తిరిగిన ట్యాక్సీ అయితే ప్రైవేటుగా మార్చే పని అదనం. ముంబై పద్మినుల్లో, కలకత్తా అంబాసిడర్లలో ఇలాంటివి బోలెడు. దొంగ బండి కాదని తేల్చుకోవడానికి నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ వాళ్ల వాహన్ సమన్వయ్ సైటులో ఇంజిన్, చాసిస్ నంబర్లు కొట్టి చూడొచ్చు.

ఎప్పుడో తీసుకున్న బ్యాంకు లోన్ ఆర్‌సీలో అలాగే ఉండిపోతే, అది తీరిందని లోన్ ఇచ్చినవాళ్లు సంతకం చేసిన ఫారం 35 కావాలి. ఆ ఫైనాన్స్ కంపెనీ మూతపడిందంటే ఇక ఆశ వదులుకోవడం మంచిది.

కాగితాలే లేని బండి మాటేమిటి? సామాన్ల కోసం కొంటే కొనండి. రోడ్డెక్కించాలనుకుంటే ఎంత చవకైనా వద్దు.

3. కదలకుండానే కారును చూడండి

అమ్మేవాళ్లు పంపే ఫోటోలు పెళ్లిచూపుల ఫోటోల లాంటివి, మంచి వైపే తీస్తారు. మీకు కావాల్సినవి మీరే చెప్పి తీయించుకోండి. పట్టపగలు వీడియో కాల్ చేసి, కాళ్ల దగ్గరి మ్యాట్లు ఎత్తమనండి. డిక్కీలో స్టెప్నీ తీసి అడుగు చూపించమనండి. నాలుగు డోర్లూ తీసి వేయమనండి, శబ్దం కూడా వినాలి. బానెట్ కింద ఉన్న ప్లేటు, చాసిస్ మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలో నంబరు మూడూ ఒకే చోట పెట్టి ఫోటో అడగండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ముద్ర పంపితే ఇంకా మేలు. ఎలాగూ తర్వాత ఆర్టీఏలో అడిగేది అదే.

ఇవన్నీ అడిగితే విసుక్కునేవాళ్లు ఉంటారు. విసుక్కున్నారంటే మీ రైలు టికెట్ డబ్బులు మిగిలినట్టే.

ఇంకో మంచి పద్ధతి ఉంది. ఆ ఊళ్లోనే పాత కార్లు చేసే మెకానిక్‌ను పట్టుకుని, బత్తా పంపి, ఒకసారి చూసి రమ్మనడం. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు, మీరు వెతుక్కున్న మనిషి కావాలి. ‘ఇంకో పార్టీ రేపు వస్తోంది, ఇప్పుడే బయానా వేయండి’ అని తొందరపెడితే బండి పోతే పోనివ్వండి. చూడని కారుకు పెద్ద బయానా పంపి తర్వాత ఆ నంబరు స్విచాఫ్ వచ్చిన కథలు కావాల్సినన్ని ఉన్నాయి.

సముద్రం పక్క ఊళ్ల బండికీ, ఎండు ప్రాంతం బండికీ తేడా ఉంటుంది. చెన్నై, ముంబై, విశాఖ బండ్లలో ఉప్పు గాలికి రేకు లోపలి నుంచి తినేస్తుంది. కోయంబత్తూరు, అనంతపురం వైపు బండ్లలో రబ్బర్లు పగిలి, సీట్లు చిరిగి ఉంటాయి గానీ రేకు గట్టిగా ఉంటుంది. రబ్బరు కొనుక్కోవచ్చు. చూడ్డానికి అందంగా ఉన్న చెన్నై బండి కంటే బూజు పట్టిన అనంతపురం బండే నాకు నయం.

4. లెక్క ఇంట్లోనే రాసుకోండి

ఒక కాగితం మీద కారు ధర, రానుపోను ఖర్చు, లారీ కిరాయి, దించే ఖర్చు, రిజిస్ట్రేషన్ మార్పు, తెలంగాణలో కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ రాయండి. ట్యాక్స్ ఎంత పడుతుందో బండి వివరాలు చెప్పి మీ జిల్లా ఆర్టీఏ ఆఫీసులో ముందే అడగండి. మొత్తం కూడి, దాంట్లోంచి కారుకు ఎంతవరకు పెట్టగలరో ఒక అంకె తేల్చి, ఇంట్లో ఒకరికి చెప్పండి. భార్యకో అన్నకో చెప్పిన అంకెను దాటడం కష్టం, మనసులో అనుకున్న అంకెను దాటడం చాలా సులువు.

దాని కిందే, ఏం కనిపిస్తే వెనక్కి వచ్చేస్తారో రాయండి. నంబర్లు కలవకపోవడం, అడుగు రేకు పోవడం, సంతకం పెట్టాల్సిన మనిషి రాకపోవడం. ఇవి అక్కడికి పోయాక ఆలోచించే విషయాలు కావు.

5. ప్రయాణం

ఆర్టీఓ ఆఫీసు పనిచేసే రోజు పొద్దున చేరేలా చూసుకోండి. శనివారం రాత్రి చేరి ఆదివారం కారు చూస్తే కాగితాల పని ఏదీ కాదు. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు గుంటూరు, తిరుపతి మీదుగా కోయంబత్తూరు పోయే శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. పాలమూరు వాళ్లకు గద్వాల, కర్నూలు మీదుగా బెంగళూరు రైళ్లు ఉన్నాయి, అక్కడ మారాలి. చెన్నైకి సొంత బండిలో పోతే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు పట్టి ఒంగోలు దగ్గర హైవే ఎక్కడమే. చెన్నైలో అక్టోబర్ నుంచి డిసెంబర్ వానలు, ముంబైలో జూన్ నుంచి సెప్టెంబర్ వానలు, రెండూ తప్పించుకోండి. సంక్రాంతి వారం అసలే వద్దు. పండగ దాటాక జనవరి చివర, ఫిబ్రవరి మంచి కాలం.

తిరుగు టికెట్ కూడా ముందే చేసుకోండి, కారు కొన్నా కొనకపోయినా మీరు ఆ రైల్లో రావాల్సిందే. భాష వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి. కర్ణాటక వైపయితే నారాయణపేట, మక్తల్ స్నేహితుడెవరైనా ఉంటే కన్నడతో పని జరిగిపోతుంది. ఆ మనిషికి కార్ల పిచ్చి లేకపోతే ఇంకా మంచిది.

సంచిలో టార్చిలైటు, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, సన్నటి స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, గాలి కొట్టే పంపు, కింద పడుకోవడానికి పాత గోనె, మార్చుకోవడానికి చొక్కా పెట్టుకోండి.

6. అక్కడ చూసే పద్ధతి

ముందు ఇంజిన్ దగ్గరికి పోకండి. ‘స్టార్ట్ చేసి చూపిస్తాను’ అంటారు, అది మొదలైతే అందరి చూపూ దాని మీదే ఉంటుంది. అరగంట సేపు బాడీ ఒక్కటే చూస్తానని చెప్పండి.

అంబాసిడర్‌కు, ఫియట్‌కు విడిగా చాసిస్ ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందుకని అడుగు రేకు, డోర్ల కింద ముందు నుంచి వెనక వరకు సాగే పట్టీ, జాకీ పెట్టే చోట్లు, వెనక కమాన్ పట్టాలు బిగించిన చోట్లు గట్టిగా ఉండాలి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది చప్పగా పలుకుతుంది. హెరాల్డ్‌కు విడి చాసిస్ ఉంటుంది. దాని నుంచి పక్కలకు వచ్చే చేతుల్లాంటి భాగాలు ముందు పోతాయి. కింద పడుకుని చూడకుండా హెరాల్డ్ కొనొద్దు.

అయస్కాంతానికి పలుచటి గుడ్డ చుట్టి మడ్‌గార్డుల మీద, డోర్ల కింది అంచుల మీద నడిపించండి. జారిపోయిన చోట పుట్టీ మందంగా ఉన్నట్టే. కొత్తగా పెయింట్ వేసిన ప్రాజెక్టు కారును మొదటి నుంచీ అనుమానించండి. అమ్మబోయే ముందు రంగు వేసేది దేనికో చెప్పక్కర్లేదు.

డోర్ల సందులు పై నుంచి కింది దాకా సమానంగా ఉన్నాయా చూడండి. తీసినప్పుడు డోరు కిందికి వాలితే, ఒకసారి చేత్తో పైకి ఎత్తి ఊపండి. కీళ్లు అరిగితే డోరు ఊగుతుంది, అది చిన్న పని. ఊగకుండానే వాలి ఉంటే బాడీ నడుము కుంగినట్టు. అది టింకరింగ్ మేస్త్రీలు నెలలు పట్టి చేసే పని, అయినా సరిగా వస్తుందన్న నమ్మకం లేదు. జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం దూరకండి, తుప్పు పట్టిన చోట జాకీ లోపలికి దిగిపోతుంది.

ఇప్పుడు ఇంజిన్. జామైందని బెదిరిపోవాల్సిన పనిలేదు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్, ఫియట్ 1089 సీసీ ఇంజిన్ రెండూ బోరు కొట్టించి లేపగలిగినవే. ప్లగ్గులు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే సంతోషం. తిరక్కపోతే ధరలో తగ్గించండి, బలవంతం చేయకండి. ఆయిల్ పుల్ల తీస్తే పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు దిగాయని అర్థం. బ్యాటరీ పెట్టి చూపిస్తామంటే కాస్త ఆగండి. పాత బ్రిటిష్ డిజైన్ బండ్లలో కొన్నింటికి ప్లస్ వైపు బాడీకి ఎర్త్ ఉంటుంది, అది చూడకుండా కలిపితే వైర్లు కాలతాయి.

ఒకప్పుడు పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్లకు, జీపులకు మటాడోర్ డీజిల్ ఇంజిన్లు వేయించేవారు. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందా లేదా చూడాలి. ఎక్కినా సరే, ఇంజిన్ మార్చిన బండిని వింటేజ్ కింద పెట్టించాలనుకుంటే చిక్కే.

చివరగా, లేనివి లెక్కపెట్టండి. ఇంజిన్ ఎలాగైనా చేయించొచ్చు గానీ పోయిన క్రోమ్ బీడింగ్, మీటరు, లైటు అద్దం, హబ్ క్యాప్ దగ్గరే డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి. ‘సామాన్లన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి’ అంటే పెట్టెలు విప్పించి, టార్పాలిన్ మీద పరిచి, ఫోటోలు తీసుకోండి.

7. బేరం, డబ్బు, సంతకాలు

బేరం ఆడేటప్పుడు కారును తిట్టకండి. ఆ బండిలో పెళ్లికూతుర్ని తెచ్చుకున్న ఇల్లు అది. కనబడ్డ లోపాలు కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఎంత ఖర్చవుతుందో మెల్లగా చెబితే పెద్దమనుషులు వింటారు. ధర తెగకపోతే మధ్యాహ్నం భోజనానికి బయటికి వచ్చెయ్యండి. హోటల్లో కూర్చుని ఇంటి దగ్గర రాసుకున్న కాగితం తీసి చదవండి, అవసరమైతే ఇంటికి ఫోన్ చేయండి.

రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారా పంపితే మీ దగ్గర రుజువు కూడా ఉంటుంది. యూపీఐకి రోజువారీ పరిమితి అడ్డొస్తుంది కాబట్టి, బయలుదేరే ముందే మీ బ్యాంకు యాప్‌లో బదిలీ పరిమితి పెంచుకోండి. కొత్త ఖాతా జోడించాక కొన్ని గంటలు పెద్ద మొత్తం పోనివ్వని బ్యాంకులున్నాయి. అమ్మేవాళ్ల ఖాతాను ముందు రోజే జోడించి ఒక్క రూపాయి పంపి చూడండి.

సంతకాలు చేయించాల్సినవి: పేరు మార్పుకు ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, వేరే రాష్ట్రానికి తెస్తున్నాం కాబట్టి ఎన్‌వోసీ కోసం ఫారం 28. వీటితో పాటు స్టాంపు పేపరు మీద అమ్మకం ఒప్పందం, దాంట్లో బండి అప్పగించిన తేదీ, గంట రాయించండి. ఆ గంటకు ముందు పడిన చలాన్లు వాళ్లవి, తర్వాతవి మీవి. ఎన్‌వోసీ అదే రోజు చేతికి రాదు, అందుకని ధరలో కొంత భాగం అది వచ్చాక ఇస్తానని ఒప్పందంలోనే రాయించండి. డబ్బంతా ముట్టాక ఆర్టీఓ ఆఫీసు చుట్టూ మనకోసం తిరిగేవాళ్లు అరుదు.

8. ఇంటికి తేవడం

నడుపుకుంటూ తెద్దామన్న కోరిక అందరికీ పుడుతుంది. ఏళ్ల తరబడి నిలబడ్డ బండి బ్రేకు సిలిండర్లు జామై ఉంటాయి, టైర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి, ఇన్సూరెన్స్ ఉండదు, ఆర్‌సీ గడువు తీరి ఉంటుంది. తాడు కట్టి లాక్కురావడం ఇంకా అన్యాయం. లారీ ఎక్కించండి.

డీసీఎం (చిన్న లారీ) మాట్లాడితే లోపలి పొడవు అడగండి. అంబాసిడర్ పొడవు సుమారు 4.3 మీటర్లు, అంటే 14 అడుగుల పైచిలుకు. 14 అడుగుల డీసీఎంలో పెడితే వెనక డాలా మూతపడదు, 17 అడుగులది కావాలి. పద్మిని నాలుగు మీటర్ల లోపే కాబట్టి 14 అడుగుల దాంట్లో పట్టేస్తుంది. అక్కడికి సరుకు దించి హైదరాబాద్ వైపు ఖాళీగా వచ్చే బండి దొరికితే కిరాయి బాగా తగ్గుతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో ఒకటి రెండు రోజులు ముందు నుంచి అడుగుతూ ఉండాలి. కార్ల క్యారియర్‌లో వేస్తే హైదరాబాద్ యార్డులో దించుతామంటారు. బెంగళూరు వైపు నుంచి వచ్చేవి జడ్చర్ల మీదుగానే పోతాయి. అక్కడ దించమని ముందే మాట్లాడుకుంటే యార్డు నుంచి మళ్లీ రికవరీ వ్యాన్ ఖర్చు తప్పుతుంది.

ఎక్కించే ముందు నాలుగు చక్రాలూ తిరగాలి. అంబాసిడర్‌కు 5.90–15, పద్మినికి 5.20–14 టైర్లు. గాలి నిలవకపోతే తిరిగే చక్రాలు రెండు అద్దెకైనా తీసుకోండి, లేకపోతే హమాలీలు బండిని ఈడుస్తారు, తుప్పు పట్టిన కమాన్ పట్టాలు అక్కడే విరుగుతాయి. ర్యాంపు లేని చోట మట్టి దిబ్బకు డీసీఎంను వెనక్కి ఆనించి ఎక్కించే పద్ధతి మన పల్లెల్లో ట్రాక్టర్లకు చేసేదే, కార్లకూ పనికొస్తుంది. బెల్టులు చక్రాలకు, యాక్సిల్‌కు కట్టాలి. బంపర్లకు, డోరు హ్యాండిళ్లకు కట్టనివ్వకండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీసేయించి, బ్యాటరీ వైరు విప్పండి. అద్దాలు, హబ్ క్యాపులు, మీటరు విప్పగలిగినవన్నీ విప్పి, గుడ్డల్లో చుట్టి మీతో పాటు రైల్లో తెచ్చుకోండి.

డ్రైవర్ చేతికి ఆర్‌సీ నకలు, అమ్మకం ఒప్పందం నకలు, మీ ఆధార్ నకలు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల రసీదు ఒక కవర్లో పెట్టి ఇవ్వండి. ఇంకేమైనా బిల్లు కావాలా అని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనే అడిగి చేయించండి, చెక్‌పోస్టు దగ్గర నుంచి అర్ధరాత్రి ఫోన్ రాకుండా ఉంటుంది. అసలు కాగితాలు మాత్రం మీ దగ్గరే ఉండాలి. దారి మొత్తానికీ ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి, ఎక్కించేటప్పుడు చుట్టూ వీడియో తీయండి.

9. దించాక

బండి దిగిన రోజే ఇంజిన్ స్టార్ట్ చేయాలని చుట్టాలు, పక్కింటివాళ్లు మీద పడతారు. వద్దనండి. ప్లగ్గుల రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. ట్యాంకు, పైపులు కడగనిదే కార్బొరేటర్‌కు పెట్రోలు పంపకండి. విప్పే ప్రతి భాగానికీ ముందు ఫోటో, తర్వాత చీటీ కట్టిన సంచి.

కాగితాల పని మాత్రం ఆలస్యం చేయొద్దు. ఎన్‌వోసీ చేతికి రాగానే ఆర్టీఏలో పేరు మార్పుకు, తెలంగాణ నంబరుకు దరఖాస్తు పెట్టండి. వేరే రాష్ట్రం బండి ఏడాదికి మించి ఇక్కడ ఉంటే కొత్త నంబరు తప్పనిసరి. నల్లగొండకు టీజీ 05, మహబూబ్‌నగర్‌కు టీజీ 06. మద్రాసు కాలం నాటి ఎంఎస్ అక్షరాల నంబరు పోతుందని బాధపడేవాళ్లు, బండికి 50 ఏళ్లు దాటి ఉంటే, దరఖాస్తుకు ముందే వింటేజ్ నిబంధన కింద పాత నంబరు నిలుస్తుందేమో ఆఫీసులో అడిగి తేల్చుకోవాలి. అధికారి బండిని చూడాలంటారు కాబట్టి ఆ పని అయ్యేదాకా కారును ముక్కలుగా విప్పకండి, కనీసం నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి.